మిగిలిన నలభై నిమిషాలు

ఆ బుధవారం ఉదయం వారెన్ హెప్‌వర్త్ వేసుకున్న పథకం చాలా చిన్నది. క్లబ్బు ఆఫీసుకు వెళ్ళి ఒక సంతకం పెట్టించుకోవాలి, ఇంటికొచ్చి భార్యను వ్యాన్ ఎక్కించుకోవాలి, కొండ దాటి మధ్యాహ్నం భోజనం వేళకు బ్రియర్‌ఫోల్డ్ చేరాలి. ఇందులో తప్పిపోవడానికి ఏముందని అతను నిశ్చింతగా గడ్డం గీసుకుని, చొక్కా జేబులో కొత్త పెన్ను పెట్టుకుని బయల్దేరాడు.

వారెన్ ఎల్మ్‌థార్ప్ రగ్బీ లీగ్ జట్టుకు తొమ్మిదేళ్ళుగా ప్రాప్ ఆడుతున్నాడు. ప్రాప్ అంటే జట్టుకు ముందు నిలబడే గోడ. బంతి చంకన పెట్టుకుని ఎదుటి గోడను ఢీకొట్టడం, పడటం, లేవడం, మళ్ళీ ఢీకొట్టడం అతని పని. గీత దాటి పాయింట్లు తెచ్చేవాళ్ళు, పేపర్లో ఫోటో పడేవాళ్ళు వేరే ఉంటారు. వారమంతా గోదాములో లారీలకు సరుకెక్కించి, ఆదివారాలు ముక్కు పగలగొట్టుకునేవాడు. ముప్పై రెండేళ్ళొచ్చి, వాన వచ్చే ముందు మోకాళ్ళు కబురు చెప్పడం మొదలుపెట్టాక, బ్రియర్‌ఫోల్డ్ క్లబ్బు నుంచి పిలుపొచ్చింది. ఆ క్లబ్బుకు కొత్తగా డబ్బున్న యజమాని దొరికాడు. రెండేళ్ళ ఒప్పందం, నెలనెలా జీతం, సామానుతో సహా ఇల్లు. ఇలాంటి పిలుపు ఏ ప్రాప్‌కీ రెండోసారి రాదు. పైగా భార్య కర్స్టీకి ఆరో నెల.

అందుకని ఇద్దరూ వెనకా ముందూ చూడకుండా ఇల్లు ఖాళీ చేసేశారు. గోదాము ఉద్యోగం మానేశాడు. మంచం, సోఫా పక్కింటి విన్నీ ఆంటీకి ఇచ్చేశారు. శనివారంనాడు క్లబ్బులో వీడ్కోలు సభ కూడా అయిపోయింది. చైర్మన్ హెడ్లీ అక్రాయిడ్ కంటతడితో ఉపన్యాసమిచ్చి, తన కార్పెట్ల దుకాణం నుంచి చిలకపచ్చ కార్పెట్టు చుట్ట ఒకటి బహూకరించాడు. ఆ రంగు ఆ దుకాణంలో ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా పడి ఉందని ఊరందరికీ తెలుసు. అయినా చప్పట్లు గట్టిగానే కొట్టారు.

ఆ హెడ్లీయే ఇప్పుడు కాగితం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"వారెన్, నీ పాత ఒప్పందంలో ఏముందో చూశావా? సీజన్లో ఆఖరి మ్యాచ్ పూర్తయ్యేదాకా ఆటగాడు ఈ క్లబ్బుకు కట్టుబడి ఉండాలి. పూర్తయ్యేదాకా!"

"పూర్తయింది కదండీ. ఈ బ్రియర్‌ఫోల్డ్ వాళ్ళతోనే ఆడాం కదా ఆఖరి మ్యాచ్."

"ఆడలేదు. సగం ఆడాం."

అది నిజమే. ఆ ఆదివారం రెండు జట్లూ చెరి ఆరు పాయింట్లతో విరామానికి వెళ్ళాయి. తిరిగొచ్చేసరికి కొండ మీది నుంచి పొగమంచు దిగి మైదానాన్ని మింగేసింది. రిఫరీకి తన చేతిలోని ఈల తనకే కనిపించలేదు. అందరినీ ఇళ్ళకు పొమ్మన్నాడు. అవతలి మూలన నిలబడ్డ కుర్ర ఆటగాడికి ఆ మాట వినపడక, టార్చిలైటు పట్టుకుని ఎవరో వెళ్ళి చెప్పేదాకా బంతి కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. రెండు జట్లూ పట్టికలో నడుమన ఉన్నాయి, పైకి పోయేదీ లేదు, కిందికి జారేదీ లేదు. కనుక మిగిలిన సగం సంగతి ఎవరూ ఎత్తలేదు. హెడ్లీ ఎత్తాడు.

"ఇంకా నలభై నిమిషాలు మిగిలే ఉందబ్బాయ్."

"ఆ మంచు నేను రప్పించానా హెడ్లీ గారూ?"

"నేను రప్పించానా? నలభై ఏళ్ళుగా కార్పెట్లు పరుస్తున్నా. సగం గదికి పరిచి, మంచు పడిందని ఏనాడూ ఇంటికి పోలేదు."

"మరి శనివారం వీడ్కోలెందుకిచ్చారు? ఏడ్చారు కూడాను!"

"ఏడుపు వేరు, ఒప్పందం వేరు."

అసలు సంగతి ఏమిటంటే, ముందురోజు సాయంత్రం బ్రియర్‌ఫోల్డ్ మేనేజరు కాన్రాయ్ ఫోన్ చేసి, "మీ ప్రాప్‌ని రేపు పంపించెయ్యండి, కాగితాలదేముంది" అన్నాడు. మూరన్నర గుడ్డ కట్ చేసి పంపించమన్నట్టుగా అన్నాడు. అంతకుముందే ఆ క్లబ్బు హెడ్లీ దగ్గర్నుంచి ఇద్దరు మంచి ఆటగాళ్ళను పట్టుకుపోయింది. చైర్మన్‌గారికి పౌరుషం వచ్చింది. పౌరుషం వచ్చినవాడికి ఒప్పందంలో ప్రతి అక్షరమూ బాగా కనిపిస్తుంది.

వారెన్ ఇంటికొచ్చేసరికి ఇల్లు ఇల్లుగా లేదు. అద్దెకు దిగే కొత్త జంట అప్పటికే వచ్చి కిటికీలకు పూల తెరలు కట్టేసింది. కర్స్టీ విన్నీ ఆంటీ ఇంట్లో టీ తాగుతోంది. బయట చెల్లెలి మొగుడి దగ్గర అడిగి తెచ్చుకున్న నల్ల వ్యాన్, దాని పక్కన పేవ్‌మెంటు మీద చిలకపచ్చ కార్పెట్టు చుట్ట. వారెన్ ఆ చుట్ట మీద కూలబడి కాన్రాయ్‌కి ఫోన్ చేశాడు. అప్పుడే చొక్కా తడిగా తగిలింది. కొత్త పెన్ను జేబులో సిరా కక్కేసింది. ఎడమ చేత్తో చేతిరుమాలు గుండె మీద అదుముకుని, కుడిచేత్తో ఫోన్ పట్టుకుని మాట్లాడాడు.

"అవునండీ... ఇంకా నలభై నిమిషాలే మిగిలిందంటున్నారు... లేదండీ, ఎంత బతిమాలినా లాభం లేదు, అది ఆయన చేతుల్లో ఉంది... కర్స్టీకా? ఇంకా చెప్పలేదు. ఈ స్థితిలో ఎలా చెప్పమంటారు?"

కంచె ఇవతల ఖాళీ పాలసీసాలు పెట్టడానికి వచ్చిన విన్నీ ఆంటీ అక్కడే రాయిలా నిలబడిపోయింది. పాలిపోయిన ముఖం, గుండె మీద చెయ్యి, నలభై నిమిషాలు! విన్నీ వితంతువు, మెత్తని మనిషి, ఆ వీధికి రెండో తపాలా కార్యాలయం. ఆవిడ పాలసీసాలు అక్కడే వదిలి వచ్చి వారెన్ భుజం పట్టుకుంది.

"లోపలికి రా నాయనా. చలిలో కూర్చోకు. రూబార్బ్ కేకు చేశాను, తిందువుగాని."

"ఇప్పుడు తినాలని లేదు ఆంటీ."

"ఇప్పుడు కాకపోతే మరెప్పుడు తింటావు?" అంటూ ఆవిడ అతన్ని చెయ్యి పట్టి లేవదీసింది.

వారెన్‌ని అతని సోఫాలోనే కూర్చోబెట్టి, ముక్క వెనక ముక్క పెడుతూ, ఆవిడ గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. నలభై నిమిషాలు గడిచాయి. వారెన్ నాలుగో ముక్క అడిగాడు. ఇంకాసేపు చూసి, విన్నీ గుండెల నిండా ఊపిరి పీల్చుకుని తనలో తాను తీర్మానించుకుంది: నలభై రోజులనే అని ఉంటాడు, నా చెవులు మునుపటిలా లేవు.

వారెన్ బట్టలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆవిడ వంటింట్లో కర్స్టీ చేతులు పట్టుకుంది.

"నీకు చెప్పాడా తల్లీ?"

"ఇప్పుడే చెప్పాడు ఆంటీ."

"కడుపుతో ఉన్నదానివి, ఎలా తట్టుకుంటావమ్మా?"

"ఏం చేస్తాం ఆంటీ? ఇవాళ కాకపోతే రేపైనా పోవాల్సిందే కదా. నిజం చెప్పాలంటే, ఎంత త్వరగా పోతే మాకంత మంచిది. అవతల వ్యాన్ కూడా ఊరికే నిలబెట్టుకున్నాం."

విన్నీ కిటికీలోంచి ఆ నల్ల వ్యాన్ వంక చూసి, మెడలోని శిలువ గొలుసు పట్టుకుంది.

"ఊళ్ళో అందరికీ చెప్పమంటావా?"

"వద్దాంటీ. వారెన్‌కి నామోషీ. అతని దగ్గర అసలు ఈ మాటే ఎత్తకండి."

విన్నీ మాట నిలబెట్టుకుంది. వారెన్ దగ్గర ఒక్కరు కూడా ఆ మాట ఎత్తకూడదని ఊళ్ళో ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పింది.

ఇల్లు లేనివాళ్ళు కనుక దంపతులిద్దరూ విన్నీ ఇంట్లోనే ఉన్నారు. తమ మంచం మీద తామే అతిథులై పడుకున్నారు. మర్నాటి నుంచి తలుపు దగ్గర ఊరు బారులు తీరింది. ఒకరు మాంసం కూరి కాల్చిన 'పై' తెచ్చారు, ఒకరు గిన్నెడు బఠాణీ ముద్ద, ఒకరు పుట్టబోయే బిడ్డకు ఊలు టోపీలు. ఏళ్ళ తరబడి నవ్వడం ఎరగని చిప్స్ దుకాణం ఆయన చేప ముక్కలు పొట్లం కట్టి తెచ్చి, డబ్బు తీసుకోకుండా, వారెన్‌ని కావలించుకుని, ముక్కు చీదుకుంటూ వెళ్ళిపోయాడు. అది చూసి వారెన్ సోఫాలో కూలబడ్డాడు.

"కర్స్టీ, ఈ ఊరు నన్నింత ప్రేమిస్తోందని నాకు తెలియనే తెలియదే! నేనేదో ముక్కు పగిలిన ప్రాప్‌ననుకున్నా."

"మనం పోతున్నామని బెంగ పెట్టుకున్నట్టున్నారు," అంది కర్స్టీ, ఆవిడ కళ్ళూ చెమర్చాయి.

మాంసం దుకాణం క్లెమ్ వచ్చి గడప దగ్గర చాలాసేపు టోపీ నలిపాడు.

"వారెన్, పోయినేడు నువ్వు బంతి జారవిడిచినప్పుడు మైదానంలో నేనో మాటన్నాను. మీ అమ్మను కూడా కలిపి అన్నాను."

"అది నువ్వేనా? వినపడింది."

"మనసులో పెట్టుకోకయ్యా."

"ఛ, అప్పుడే మర్చిపోయా."

"అదీ! మనసు తేలిగ్గా ఉంటే ప్రయాణం సుఖంగా జరుగుతుంది," అని క్లెమ్ సాసేజిల దండ చేతిలో పెట్టి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

ఆ వెనకే చర్చి పాస్టరు గారు వచ్చారు. టీ తాగి, గొంతు సవరించుకుని, చాలా జాగ్రత్తగా అడిగారు.

"ప్రయాణానికి సిద్ధంగా ఉన్నావా వారెన్?"

"ఎప్పుడో సిద్ధమండీ. ఇక్కడివన్నీ పంచిపెట్టేశాం. అక్కడ మాకోసం ఇల్లు కూడా సిద్ధం చేసి ఉంచారు."

"భయంగా లేదూ?"

"భయమెందుకండీ? ఇక్కడికంటే అక్కడే బాగుంటుందని అందరూ అంటున్నారు. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు కదా!"

ఇంత గట్టి విశ్వాసం తన కొలువులో ఎన్నడూ చూడలేదని పాస్టరు గారు ఆ సాయంత్రం ముగ్గురు నలుగురితో అన్నారు.

వారెన్‌కి కృతజ్ఞత పొంగిపొర్లిపోయింది. పొంగినదాన్ని దాచుకునే రకం కాదతను. వీధి వీధీ తిరిగి అందరికీ దణ్ణాలు పెట్టడం మొదలుపెట్టాడు. జట్టు బట్టలు ఉతికే ఆవిడ దగ్గరకు వెళ్ళి, "తొమ్మిదేళ్ళు నా రక్తం మరకలు వదిలించావు తల్లీ, నీ ఋణం ఈ జన్మలో తీరదు" అన్నాడు. ఆవిడ ఉతికిన చొక్కాలోనే ముఖం దాచుకుని భోరుమంది. అతను ఎంత ఆప్యాయంగా మాట్లాడితే ఊరు అంత ఏడ్చింది. ఊరు ఎంత ఏడిస్తే అతను అంత కరిగిపోయాడు.

ఈ కబురు హెడ్లీ భార్య బెరిల్ చెవిన పడింది. ఆవిడ దుకాణంలోకి వచ్చి, కార్పెట్ల నమూనాలు చూస్తున్న దంపతుల ముందే మొగుణ్ణి నిలదీసింది.

"నీకసలు గుండె ఉందా? చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి పట్టుకుని ఇంకా నలభై నిమిషాలు ఆడాలంటావా?"

"ఎవరు చావుబతుకుల్లో ఉన్నారు?"

"వారెన్! గుండెట. నలభై రోజులట. ఆ పిల్ల కడుపుతో ఉంది!"

హెడ్లీ పట్టుకున్న కొలతటేపు దానంతటదే చుట్టుకుపోయింది. ఆ పూట ఆయన అన్నం తినలేదు. కాగితం తీసి సంతకం చేసి, కోటు జేబులో పెట్టుకుని వారెన్ దగ్గరకు బయల్దేరాడు.

సరిగ్గా అప్పుడే వారెన్‌కి కాన్రాయ్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"నీ గుండె బాగాలేదని కొండ ఇవతలిదాకా కబురొచ్చింది వారెన్. ఏమనుకోకు, మా యజమాని వెనకాడుతున్నాడు."

"నా గుండెకేమండీ? దుక్కలా ఉన్నాను!"

"ఎవరు నమ్ముతారు? నువ్వు పరుగెత్తగా కళ్ళారా చూస్తే తప్ప ఒప్పుకోనంటున్నాడు."

వారెన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇది హెడ్లీ పనే, సంతకం మాట దాటెయ్యడానికి తనకు లేని జబ్బు అంటగట్టాడు! అతనూ చరచరా బయల్దేరాడు. ఇద్దరూ చిప్స్ దుకాణం ముందు ఎదురుపడ్డారు. వరుసలో నిలబడ్డ జనం అటు తిరిగారు.

"తీసుకో వారెన్," అన్నాడు హెడ్లీ, కాగితం చాపుతూ. "సంతకం చేసేశాను. నీ ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళిపో. నన్ను క్షమించు."

"నాకక్కర్లేదు మీ కాగితం!" అన్నాడు వారెన్. "ఆ నలభై నిమిషాలూ ఆడే పోతాను! అందరూ చూస్తుండగా ఆడతాను!"

హెడ్లీ నిర్ఘాంతపోయాడు.

"వద్దయ్యా, నా మాట విను. ఆ మ్యాచ్‌దేముంది, వెధవ మ్యాచ్!"

"మీరే కదా సగం గదికి పరిచి వదలకూడదన్నారు! ఆడి తీరాలి. అది ఆడకుండా నేనెక్కడికీ పోలేను."

ఇక హెడ్లీ ఆగలేకపోయాడు. ఆరడుగుల ప్రాప్ ఛాతీ మీద తల ఆనించి బావురుమన్నాడు. "మగాడివయ్యా! ఆఖరి కోరిక అంటే అదీ!" అన్న మాట ఆ ఏడుపులో ఎవరికీ సరిగ్గా వినపడలేదు. చైర్మన్‌గారు తప్పు ఒప్పుకున్నారని వారెన్ అనుకున్నాడు. కాస్త మెత్తబడి, ఆయన వీపు కూడా నిమిరాడు.

హెడ్లీ లీగ్ వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడి, ఆదివారం ఆ మిగిలిన సగం ఆడించడానికి అనుమతి తెచ్చాడు. కాన్రాయ్ కూడా సరేనన్నాడు. వారెన్ మాట నిజమో, ఊరి మాట నిజమో మైదానంలోనే తేలుతుందని అతని లెక్క. అయినా ఎందుకైనా మంచిదని తన ఆటగాళ్ళను పిలిచి, "ఆ పెద్ద ప్రాప్ దగ్గర కాస్త చూసి ఆడండ్రా, ప్రాణం మీదికి తేకండి" అని చెప్పాడు.

ఆదివారం ఎల్మ్‌థార్ప్ మైదానంలో ఎన్నడూ చూడనంత జనం. గేటు దగ్గర అంబులెన్సు. వారెన్ మైదానంలోకి అడుగుపెట్టగానే మొత్తం జనం లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు. వారెన్ రెండు చేతులూ ఎత్తి నాలుగు దిక్కులకూ తిరిగి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత మైకు గురగురమంది. ఏవో మాటలు గాల్లో కొట్టుకుపోయి, చివరి ముక్క మాత్రం అతనికి వినపడింది: "...కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దాం."

వారెన్ తల వంచుకున్నాడు. క్లబ్బు పెద్దాయన ఎవరో పోయినట్టున్నాడు, పాపం, అనుకున్నాడు. ఎవరైతేనేం, మంచివాడై ఉంటాడని, ఆ ఆత్మకు శాంతి కలగాలని మనస్ఫూర్తిగా ప్రార్థించాడు.

ఆట మొదలైంది. వారెన్ బంతి చంకన పెట్టుకుని ఎప్పటిలాగే ఎదుటి గోడ మీదికి దూకాడు. గోడ తగల్లేదు. బ్రియర్‌ఫోల్డ్ కెప్టెన్ సియోనే, టోంగా దీవులవాడు, తలుపంత మనిషి, అతన్ని రెండు చేతులతో ఒడిసిపట్టి, నిద్రపోతున్న పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు గడ్డి మీద పడుకోబెట్టాడు.

"ఇదేం పట్టు?" అన్నాడు వారెన్ లేస్తూ.

సియోనే పెదవులు కదుపుతూ ఏదో ప్రార్థన చేసుకుంటున్నాడు.

మళ్ళీ బంతి వచ్చింది, మళ్ళీ ఉయ్యాలే. మూడోసారి ఇద్దరు ఆటగాళ్ళు అతనికి అడ్డు రాబోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నువ్వు పట్టుకో అంటే నువ్వు పట్టుకో అన్నట్టు పక్కకు తప్పుకున్నారు. ఎదురుగా ఎవరూ లేరు. తొమ్మిదేళ్ళలో వారెన్‌కి ఎదురుగా ఎవరూ లేకపోవడం ఇదే మొదలు. ఎటు పరుగెత్తాలో తెలియక ఒక్క క్షణం ఆగి, తర్వాత నేరుగా పోయి గీత అవతల బంతిని నేలకు ఆనించాడు. ట్రై! అతని జీవితంలో మొట్టమొదటి ట్రై. పది–ఆరు. ఆ వెంట గోలుకు తన్నిన కుర్రాడికి కన్నీళ్ళతో గురి తప్పింది. జనం ఆనందించాలో ఏడవాలో తెలియక రెండూ చేశారు.

వారెన్‌కి మాత్రం అవమానంగా ఉంది. ఇలా దారి వదిలితే కాన్రాయ్ ముందు తన సత్తా ఏం తేలినట్టు? మళ్ళీ సియోనే తనను పడుకోబెట్టినప్పుడు అతని చొక్కా కాలరు పట్టుకుని ఆపాడు.

"ఏరా, నన్ను చూస్తే నీకెలా కనిపిస్తోంది? సరిగ్గా ఆడవెందుకు?"

"కోప్పడకన్నా," అన్నాడు సియోనే, కళ్ళనిండా నీళ్ళతో. "నీ గుండెకు దెబ్బ తగలకూడదని."

"నా గుండెకేం?"

"నలభై రోజులే ఉన్నావట కదన్నా. మా అమ్మ కూడా నీకోసం ఉపవాసం ఉంది."

వారెన్ మైదానం మధ్య కూర్చుండిపోయాడు. గుండె మీద చేతిరుమాలు, విన్నీ ఆంటీ కేకు, ఊలు టోపీలు, సాసేజిల దండ, పాస్టరు గారి ప్రశ్న, ఒక నిమిషం మౌనం అన్నీ ఒక్కసారే అతని కళ్ళముందు తిరిగాయి. "ఎవర్రా చెప్పింది? పెన్ను కక్కింది! అంతే! నా గుండె బండరాయి, కొట్టి చూడు!"

సియోనే ముఖం వెలిగిపోయింది. "నిజమా అన్నా?" అన్నాడు. మరుసటి బంతికి, అప్పటిదాకా దాచుకున్న ప్రేమంతా భుజంలోకి తెచ్చుకుని, వారెన్‌ని ఎదురొచ్చి గుద్దాడు. ఆ చప్పుడు గేటు దగ్గర అంబులెన్సు దాకా వినపడింది. వారెన్ గాల్లోకి లేచి, వెల్లకిలా పడి, ఆకాశం వంక చూస్తూ హాయిగా నవ్వాడు.

అతని నవ్వు ఎవరూ చూడలేదు. విన్నీ ఆంటీ కంచె దాటుకుని, గొడుగు ఎత్తిపట్టి మైదానంలోకి వచ్చేసింది.

"హంతకుడా! చచ్చేవాణ్ణి చంపుతావా!" అంటూ సియోనేని నడుం మీద బాదింది. అంతకంటే ఎత్తు ఆవిడకు అందలేదు. సియోనే తల వంచుకుని, "తప్పయిందమ్మా, తప్పయింది" అంటూ దెబ్బలు తిన్నాడు. రిఫరీ ఈల ఊదీ ఊదీ అలిసిపోయాడు. వారెన్ లేచి ఆవిడను రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టాడు.

"ఆంటీ, నేను చావడం లేదు!"

"నువ్వే కదా అన్నావు! నలభై నిమిషాలే మిగిలిందని!"

"మ్యాచ్‌లో ఆంటీ! మ్యాచ్‌లో!"

ఆ మాట ముందు వరుస నుంచి వెనక వరుసకు పాకడానికి కాస్త సమయం పట్టింది. చివరకు ఎక్కడో పైమెట్ల మీద నుంచి క్లెమ్ గొంతు వినిపించింది.

"అంటే నువ్వు బాగానే ఉన్నావా?"

"బాగానే ఉన్నాను క్లెమ్!"

"అయితే పోయినేడు జారవిడిచావే బంతి, నేనన్నది ముమ్మాటికీ కరెక్టే!"

ముందు ఎవరో నవ్వారు. తర్వాత మైదానం మైదానమే విరగబడి నవ్వింది. కర్స్టీ పొట్ట పట్టుకుని కంచెకు ఆనుకుని నవ్వింది. పాస్టరు గారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. మిగిలిన ఆట ఆటలాగే జరిగింది. బ్రియర్‌ఫోల్డ్ వాళ్ళు ఆకలిగొన్న తోడేళ్ళలా మీదపడ్డారు. ఆఖరి క్షణంలో గీతకు జానెడు దూరంలో సియోనేని వారెన్ ఒక్కడే ఎదురునిలిచి పడగొట్టాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి లేవలేకుండా ఉండగా ఆఖరి ఈల మోగింది. పది–ఆరు. ఎల్మ్‌థార్ప్ గెలిచింది.

కాన్రాయ్ పరుగున వచ్చి చెయ్యి కలిపాడు. "ఈ గుండెకు నాది పూచీ! కాగితం ఇలా ఇవ్వండి హెడ్లీ గారూ." అంటూనే చేతిలో మోగుతున్న ఫోను చూసి, ఆగి, తల గోక్కున్నాడు. "అన్నట్టు మీకు అభినందనలు. ప్లేఆఫ్‌కి వెళ్ళారుగా."

"ఎవరు?" అన్నాడు హెడ్లీ.

"మీరేనండీ. మీకు పైనున్న జట్టు, పేరు నమోదు కానివాణ్ణి ఎవర్నో ఆడించిందని లీగ్ వాళ్ళు నిన్ననే పాయింట్లు కోసేశారు. ఈ గెలుపుతో మీరు ఆ స్థానంలోకి వచ్చారు. చూసుకోలేదూ?"

ఎవరూ చూసుకోలేదు. ఎల్మ్‌థార్ప్ వాళ్ళు పట్టికలో పైకి చూడటం మానేసి చాలా ఏళ్ళయింది. సంతోషం అర్థమయ్యే లోపలే రెండో సంగతి అర్థమైంది. ప్లేఆఫ్ ఉంటే సీజన్ అయిపోలేదు. సీజన్ అయిపోకపోతే వారెన్ ఎక్కడికీ పోవడానికి లేదు. అందరూ హెడ్లీ జేబు వంక చూశారు.

హెడ్లీ కాగితం తీశాడు. ఒకసారి చదువుకున్నాడు. ఆయనలోని కార్పెట్ల వ్యాపారి కాసేపు పెనుగులాడినట్టే కనిపించింది. చివరకు దాన్ని వారెన్ చేతిలో పెట్టి, వేళ్ళు మూసేశాడు.

"చేసిన సంతకం చేసినట్టే. వెళ్ళు నాయనా. నిన్ను పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో నాలుగు రోజులు చూశాను. కొండ అవతలికే కదా, ఫర్వాలేదు."

వారెన్ ఆ కాగితం పట్టుకుని చుట్టూ చూశాడు. అతనికి నవ్వు పోయి సిగ్గు వచ్చింది.

"విన్నీ ఆంటీ, మీ గిన్నెలన్నీ కడిగి ఇచ్చేస్తాను. నేనే పిచ్చివాణ్ణి. చస్తున్నాననుకుని పెడితే, అదంతా నా ఆట మీద ప్రేమ అనుకున్నా."

విన్నీ వంకరపోయిన గొడుగు సరిచేసుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది.

"పోతున్నావనే కదరా పెట్టాం. పోతున్నది ఎక్కడికన్నదే కొంచెం పొరబడ్డాం. గిన్నెలకేం తొందర, ఉంచుకో."

వారెన్ కర్స్టీ వంక చూశాడు. ఆవిడకు అతని ముఖం చదవడం కొత్తకాదు.

"ఇంకో ఆదివారమేగా?" అంది. "వ్యాన్ సంగతి మీ చెల్లెలితో నేను మాట్లాడతాలే."

"కాన్రాయ్ గారూ, మరి మీరు..."

"మాకు సీజన్ అయిపోయింది, నువ్వే ముగించావు," అన్నాడు కాన్రాయ్. "పై సోమవారం రా. సియోనే వాళ్ళమ్మకు మాత్రం నువ్వే ఫోన్ చేసి ఉపవాసం మానమని చెప్పు."

వారెన్ కాగితాన్ని మళ్ళీ హెడ్లీ చేతికిచ్చాడు. "ఇది మీ దగ్గరే ఉంచండి. ప్లేఆఫ్ ఆడి తీసుకుంటా. ఇంతమంది అన్నం తిని, సగంలో పోతే అరగదు." హెడ్లీకి మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి ఎందుకో ఆయన వివరించలేదు. ఆ వారమంతా ఎవరూ చావకపోయినా వారెన్ కోసం విన్నీ ఇంటికి పైలు రావడం ఆగలేదు. చిప్స్ దుకాణం ఆయన మాత్రం డబ్బు తీసుకున్నాడు, కానీ నవ్వుతూ తీసుకున్నాడు.

తర్వాతి ఆదివారం జట్టంతా ప్రాణం పెట్టి ఆడి, అరవై పాయింట్ల తేడాతో ఓడిపోయి, వారెన్‌ని సాయంత్రం టీ వేళకల్లా సాగనంపింది.